బొమ్మ కుడిచెయ్యి ఎవరిది? పిల్లల టీవీలో బొమ్మలాట కళాకారుల తెరచాటు పనులు

పిల్లల టీవీలో బొమ్మలాడించేవాళ్ల పని నోరు కదిపి గొంతు అరువివ్వడంతో అయిపోదు. వేరొకరు ఆడించే బొమ్మకు రెండో చెయ్యి కావాలి. గుంపు సీన్లలో పేరు లేని బొమ్మను పట్టుకోవాలి, నిలువెత్తు వేషంలో దూరి నడవాలి, షూటింగ్ మధ్యలో ఊడిన కన్ను కుట్టాలి. టీవీ బొమ్మలాట చరిత్రలో సగం ఇలాంటి పనులదే, పేరు మాత్రం బొమ్మకో, దానికి గొంతిచ్చిన ఒక్కరికో దక్కుతుంది.

ఈ పని విభజన తెలుగువారికి కొత్త కాదు. రంగనాథ రామాయణం వంటి కావ్యాల ఆధారంగా నడిచే తోలుబొమ్మలాటలో కుటుంబమంతా కలిస్తేనే మేళం. సీత, మండోదరి మాటలు ఆడవాళ్లే పలుకుతారు. బొమ్మలాడించే మనిషి కాలికి గజ్జెలుంటాయి. యుద్ధం వచ్చిందంటే కాళ్ల కింది చెక్కపలక మీద దబదబా తొక్కుతాడు, ఆ చప్పుడే రథాలూ గదలూ అవుతుంది. కదలాల్సిన అవసరం లేని బొమ్మను ఈత ముల్లుతో తెరకు గుచ్చి, ఖాళీ అయిన చేత్తో ఇంకో బొమ్మను అందుకుంటాడు. జుట్టుపోలిగాడు, బంగారక్క మధ్యమధ్య వచ్చి, తెల్లవార్లూ సాగే కథలో పిల్లలకు కునుకు పట్టకుండా చూస్తారు.

టీవీ ఈ కళను ఇంకో దారి పట్టించింది. అమెరికాలో జిమ్ హెన్సన్ 1955లో తల్లి పాత కోటు గుడ్డతో, పింగ్‌పాంగ్ బంతి ముక్కలతో కెర్మిట్ అనే బొమ్మను తయారుచేశాడు. బొమ్మలాటకు విడిగా వేదిక అక్కర్లేదనీ, టీవీ తెర చట్రమే వేదికనీ గ్రహించాడు. అప్పట్నుంచి ఆడించేవాళ్లు కెమెరాకు కనబడకుండా కింద ఉండి, చెయ్యి పైకెత్తి, ఎదుట ఉన్న మానిటర్‌లో తమ బొమ్మను చూసుకుంటూ పనిచేస్తున్నారు. మానిటర్ అద్దం కాదు. అందులో బొమ్మ ప్రేక్షకుడికి కనిపించినట్టే కనిపిస్తుంది. అద్దానికి అలవాటైన కన్ను మొదట్లో తడబడి బొమ్మను వ్యతిరేక దిక్కుకు తిప్పుతుంది. ఆ అలవాటు వదిలించుకోవడమే ఈ వృత్తిలో తొలి పాఠం.

1969 నవంబరు 10న మొదలైన ‘సెసమీ స్ట్రీట్’లో ఎర్నీ, కుకీ మాన్‌స్టర్ లాంటి బొమ్మలకు చేతులు నిజమైన చేతితొడుగులే. ప్రధాన కళాకారుడి కుడిచెయ్యి బొమ్మ తలలో, ఎడమచెయ్యి బొమ్మ ఎడమచేతిలో ఉంటాయి. బొమ్మ కుడిచేతిలో దూరేది మరొకరి చెయ్యి. ఆ మనిషి పక్కనే ఒదిగి, ప్రధాన కళాకారుడి ఊపిరిని బట్టి కప్పు ఎప్పుడందుకోవాలో, తల ఎప్పుడు గోక్కోవాలో పోల్చుకోవాలి. చాలామందికి ఇదే శిక్షణ.

ఎనిమిది అడుగుల పైచిలుకు ఎత్తున్న బిగ్ బర్డ్ పని ఇంకా కష్టం. 1969 నుంచి 2018 దాకా ఆ పాత్ర పోషించిన కారల్ స్పినీ కుడిచేతిని తన తల మీదికెత్తి పక్షి ముక్కు ఆడించేవాడు, చిటికెన వేలితో కనురెప్పలు కదిపేవాడు. ఎడమచెయ్యి ఎడమ రెక్కలో ఉండేది. కుడి రెక్క ఖాళీ. మెడ కింది ఉంగరం గుండా రెండు రెక్కలనూ కలిపే సన్నని గాలపు దారం వల్ల ఎడమది దిగితే కుడిది లేచేది. లోపల నుంచి బయటి లోకం కనబడదు కాబట్టి ఛాతీకి చిన్న టీవీ కట్టుకునేవాడు.

బొమ్మల బాగోగులు చూసేవాళ్లది మరో పని. కుకీ మాన్‌స్టర్ కరకరలాడించే బిస్కెట్లను ఆ పని చేసే లారా మక్లీన్ పాన్‌కేక్ పిండి, మరమరాలు, ఇన్‌స్టంట్ కాఫీ వంటివి కలిపి చేస్తుంది. పైన కనిపించే చాక్లెట్ ముక్కలు జిగురు బొట్లు. అసలు బిస్కెట్లలోని నూనె తగిలితే బొమ్మ బొచ్చు పాడవుతుంది.

తెలుగు పల్లెలకు టీవీ 1975 ఆగస్టు 1న ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగంతో వచ్చింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు చూసిన ఆ ప్రసారాల్లో ఉదయం వేళ బడిపిల్లలదే. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 2006లో ‘సెసమీ స్ట్రీట్’ భారతీయ రూపమైన ‘గల్లీ గల్లీ సిమ్ సిమ్’ మన దేశానికి చమ్కీ, గూగ్లీ బొమ్మలను, మనిషి లోపల దూరి ఆడించే బూంబా సింహాన్ని ఇచ్చింది.

ఇన్ని దశాబ్దాల టీవీలో తోలుబొమ్మల కుటుంబాలకు దక్కిన చోటు చాలా తక్కువ. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అయినా అక్కడి కుటుంబాలకు కూడుపెడుతున్నవి ఎక్కువగా తోలు దీపపు కవర్లూ, గోడ అలంకరణలూ. గొంతు మార్చడం, తాళం పట్టడం, ఒకేసారి రెండు బొమ్మలాడించడం లాంటి, పుట్టుకతో వచ్చిన ఇంత నైపుణ్యం మన పిల్లల ఛానళ్లకు పట్టకపోవడం పెద్ద నష్టం.

టీచర్లకు బొమ్మలాటతో పాఠం చెప్పడం నేర్పే సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రానికి (సీసీఆర్‌టీ) హైదరాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. పాత సాక్సు, రెండు బొత్తాలు, కాస్త జిగురు: తొడుగుబొమ్మకు ఇవి చాలు. ఇవేవీ విశాఖ పూర్ణా మార్కెట్ వంటి బజారులో దొరకని సరుకులు కావు. విశాఖ టీచర్లు వచ్చే వార్షికోత్సవానికి పిల్లలతో ఒక బొమ్మలాట కట్టించాలి. అందులో బొమ్మ కుడిచెయ్యి ఆడించిన పిల్ల పేరు కూడా మైకులో చదవాలి.