ఒకే బొమ్మ, రెండు గొంతులు

తుంగభద్రకు ఇవతల తెలుగు, అవతల కన్నడం అని పటం గీత గీస్తుంది. ఆదోని పత్తి యార్డులో నిలబడి చెవి ఒగ్గితే ఆ గీత చెరిగిపోతుంది. బేరం ఒక భాషలో మొదలై రెండో భాషలో తెగుతుంది. ఈ సంగతి ఉపగ్రహానికీ తప్పలేదు.

1975 ఆగస్టు 1న ఇస్రో, ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించే 'సైట్' ప్రయోగం మొదలుపెట్టింది. అమెరికా నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు ఎరువిచ్చింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీలు వచ్చాయి. మన వైపు కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాద్ జిల్లాలు; కర్ణాటకలో రాయచూరు, గుల్బర్గా, బీజాపూరు. పైనుంచి దిగే బొమ్మ ఒక్కటే, దానితోపాటు వచ్చే గొంతులు రెండు. అదే పైరు తెరమీద కదులుతుంటే ఇక్కడ తెలుగులో, ఏటి అవతల కన్నడంలో వ్యాఖ్యానం. పెట్టెల తయారీ హైదరాబాద్ ఈసీఐఎల్‌ది. ఆంటెన్నా అంటే మూడు మీటర్ల వెడల్పున కోళ్ల గూటికి కొట్టే ఇనుప వలతో చేసిన గొడుగు. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో నలుపు తెలుపు పెట్టె, దాని ముందు ఊరంతా. సొంత ఇంట్లో అలాంటి వైభవం కావాలంటే రచయిత ఆర్థర్ సి. క్లార్క్ అయి పుట్టాలి: కొలంబోలో ఆయన ఇంటికి ఇస్రో ఇంజినీర్లే వెళ్లి ఆంటెన్నా బిగించి వచ్చారు!

1976 జూలై 31తో ఆ ఏడాది ముగిసింది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది, ఆ తర్వాత రాత్రికి వీడియో డెక్కు, కలర్ టీవీ అద్దెకు తెచ్చి తెల్లారేదాకా సినిమాలు చూసే కాలం. అప్పటి సంబరమంతా బొమ్మ గురించే. సౌండు గురించి జనం మాట్లాడింది సినిమా హాల్లో. 1986లో కృష్ణ తీసిన 'సింహాసనం' తెలుగులో తొలి 70 ఎంఎం చిత్రం. ఆ స్టీరియో హోరు ఇంటికి దిగడానికి డీవీడీ దాకా ఆగాల్సి వచ్చింది. ముందు మూడు, పక్కల రెండు స్పీకర్లు, ఒక వూఫర్: అదే ఐదు పాయింట్ ఒకటి.

కర్నూలు జిల్లా కృష్ణగిరి, పత్తికొండ వైపు రాతి ఇళ్లలో ఆ స్పీకర్ల పెట్టెలు విప్పితే మొదటి తగువు గోడతోనే. కింద బండలు, చుట్టూ రాయి. హీరో మాట ముందు నుంచి వస్తుంది, అదే మాట గోడకు కొట్టుకుని మళ్లీ వస్తుంది. ఆంప్లిఫయర్ మార్చి లాభం లేదు. మందు ఎమ్మిగనూరులో ఉంది. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. అక్కడి మందపాటి దుప్పట్లు పక్క గోడలకు వేలాడదీస్తే చాలావరకు అణుగుతుంది. గోడకు అతికించినట్టు కట్టకూడదు. మడతలు పడేలా, నాలుగు వేళ్ల ఎడంతో కట్టాలి. కింద జంపఖానా పరవాలి. వెనక స్పీకర్లు అని పిలిచేవి నిజానికి వెనక కాదు, కూర్చున్నవాళ్ల చెవులకు కాస్త వెనగ్గా పక్కల ఉండాలి. అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పడం తక్కువ.

వూఫర్ మోతకు మాత్రం దుప్పటి పనికిరాదు. దాన్ని మూలన పెట్టారో, రాయి రెట్టింపు చేసి కొడుతుంది. అందరూ కూర్చునే చోట వూఫర్ పెట్టి పాట వేయాలి, గది అంచుల వెంట వంగి తిరుగుతూ మోత సమంగా వినిపించిన చోటు పట్టుకోవాలి, పెట్టెను అక్కడికి జరపాలి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీండి.