ఒక వేసవి బృందము: బ్లైండ్ ఫెయిత్ కథ

1969వ సంవత్సరము జూన్ 7వ తేదీ శనివారమునాడు లండన్ నగరమునందలి హైడ్ పార్కులో నలుగురు యువకులు వేదిక నెక్కి తమ వాద్యములను సవరించుకొనునప్పటికి, ఆ పచ్చిక బయలుపై వారికొఱకు వేచి కూర్చుండిన శ్రోతల సంఖ్య లక్షకు చేరెనని నాటి అంచనాలు చెప్పుచున్నవి. ఆ బృందమునకు అప్పటికి ఒక్క రికార్డయినను వెలువడలేదు. అంతకుమున్ను ఒక్క కచేరియైనను జరిగియుండలేదు. వారు పాడబోవు పాటలలో అధికభాగము ఆ జనసముద్రమున ఎవ్వరికిని చెవిసోకినవి గావు. అయినను అంతమంది తరలివచ్చిరన్నచో, ఆ నలుగురును వేరువేరు బృందములలో అంతకుముందే ఆర్జించికొనిన కీర్తియే వారి నచటికి రప్పించినది. ఇట్లు ప్రసిద్ధులైనవారు కూడి కట్టిన బృందమునకు ఆంగ్లపత్రికలు అప్పటికే సూపర్‌గ్రూప్ అను పేరును వాడుకలోనికి తెచ్చియుండెను. ఆ మాటకు తొలి ఉదాహరణములలో నొకటిగా నేటికిని చెప్పుకొనబడు ఈ బ్లైండ్ ఫెయిత్ బృందము జూన్ మాసమున జనుల యెదుట నిలిచి, ఆగస్టు ముగియకముందే తన కడపటి కచేరిని ముగించినది.

వీరిలో మొదట చెప్పవలసినవాడు ఎరిక్ క్లాప్టన్. సర్రే ప్రాంతమునందలి రిప్లే గ్రామమున 1945లో జన్మించి, యార్డ్‌బర్డ్స్‌లోను, పిమ్మట జాన్ మేయల్ బృందములోను గిటారు వాయించి, ఇరువదియొకటవయేడు నిండునప్పటికే లండన్ గోడలపై అభిమానులు తన్ను దేవుడని వ్రాయునంతటి ఖ్యాతిని గడించినవాడు. 1966లో ఇతడు బాస్ గిటారు వాయించు జాక్ బ్రూస్‌తోను, డ్రమ్స్ వాయించు జింజర్ బేకర్‌తోను కలిసి క్రీమ్ అను బృందమును స్థాపించెను. బ్రూస్, బేకరులిరువురును అంతకుపూర్వము గ్రాహమ్ బాండ్ బృందములో సహచరులు, అచటనే బద్ధవిరోధులు. 1963లో ఆ బాండ్ బృందమున వీరితో కలిసి గిటారు వాయించిన మరియొక యువకుడు జాన్ మెక్‌లాఫ్లిన్. అనంతరకాలమున శక్తి బృందమును నెలకొల్పి, దాని మలిరూపమైన రిమెంబర్ శక్తిలో మన పాలకొల్లు బిడ్డడైన మాండలిన్ శ్రీనివాస్‌ను తన సరసను కూర్చుండబెట్టికొనినవాడాతడే. శ్రీనివాస్ జన్మించినదియు ఈ 1969లోనే యని తలచుకొనునపుడు తెలుగు శ్రోతకు ఈ కథ మిక్కిలి దూరపుదిగా తోపదు.

క్రీమ్ కచేరీలలో ముగ్గురును ప్రధాన కళాకారులే. పక్కవాద్యము వాయించువాడొక్కడును లేడు. ఒకరినొకరు మించవలెనను పంతముతో ధ్వని నానాటికి హెచ్చి, ఒకరి వాద్యము నొకరు వినుట నానాటికి తగ్గి, తుదకు 1968 నవంబరు 26న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో వీడ్కోలు కచేరి చేసి ఆ ముగ్గురును విడిపోయిరి. ఆ సంవత్సరముననే అమెరికాలో ది బ్యాండ్ అను బృందము ‘మ్యూజిక్ ఫ్రమ్ బిగ్ పింక్’ అను రికార్డును వెలువరించినది. అందులో ఎవ్వరును ముందునకు త్రోసికొనిరారు. ప్రతివాద్యమును పాటకు లొంగియుండును. అది వినిన క్లాప్టన్ తన మార్గమే తప్పినదని తలపోసి, నాయకత్వపు బరువు లేక వేరొకని గానమునకు తోడుగా వాయించు భాగ్యమును కోరుకొనెను.

ఆ గానము స్టీవ్ విన్‌వుడ్ కంఠమున నుండెను. బర్మింగ్‌హామ్ నగరమున 1948లో పుట్టిన ఈ బాలుడు పదునైదేండ్లు నిండీ నిండకమునుపే స్పెన్సర్ డేవిస్ బృందమున చేరి, పదునెనిమిదవయేట ‘గిమ్మీ సమ్ లవిన్’ అను పాటతో దేశమును ఊపినవాడు. ఆర్గను, పియానో, గిటారు మూడును అతని చేతిలో సమానముగా పలికెడివి; గొంతు మాత్రము వయసునకు మించిన ఆర్తితో, తారస్థాయిలో చీలక నిలుచు శక్తితో నుండెడిది. 1967లో ట్రాఫిక్ బృందమును గట్టి, బర్క్‌షైర్ ప్రాంతమున ఆస్టన్ టిరల్డ్ అను పల్లెకడ ఒక కుటీరమున మిత్రులతో కాపురముండి సాధన చేసిన ఇతడు, 1969 ఆరంభమున ఆ బృందమును విడిచెను. క్లాప్టన్, విన్‌వుడ్‌లిద్దరును సర్రేలోను ఆ కుటీరములోను కూర్చుండి, ఎవరికొఱకును గాక తమకొఱకే గంటల తరబడి వాయించుకొనిన ఆ శీతకాలపు దినములే ఈ కథలో మిక్కిలి సుఖమైనవి.

అట్టి సమయమున జింజర్ బేకర్ ఆ కుటీరమునకు విచ్చేసెను. అతని లయజ్ఞానమునకు ముగ్ధుడైన విన్‌వుడ్ వెంటనే అతని చేర్చుకొందమనెను. క్లాప్టన్ మాత్రము సందేహించెను. బేకర్ వచ్చినచో జనము క్రీమ్‌నే కోరుదురనియు, బ్రూస్‌ను విడిచి అతని నొక్కని పిలుచుట న్యాయము కాదనియు అతని మనసు వెనుదీసినది. అయినను కాదనలేకపోయెను. పిమ్మట ఫ్యామిలీ అను బృందమున బాస్ గిటారును వయొలిన్‌ను వాయించుచుండిన రిక్ గ్రెచ్, ఆ బృందపు అమెరికా యాత్ర నడుమనే దానిని వదలి వీరితో చేరెను. చతుష్టయము పూర్తియైనది.

ఇక వ్యాపారుల వంతు వచ్చినది. రాబర్ట్ స్టిగ్‌వుడ్, క్రిస్ బ్లాక్‌వెల్ వంటి కుశలురైన నిర్వాహకులు వీరి వెనుక నుండిరి. ఇట్టి పేరులు నాలుగు ఒకచోట చేరినవన్న వార్త పొక్కినంతనే విశాలమైన క్రీడామందిరములకు టిక్కెట్ల అమ్మకము మొదలైనది. పాటలు ఇంకను పూర్తికాలేదు. హైడ్ పార్కు కచేరియందు విన్‌వుడ్ శ్రద్ధగా పాడెను, బేకర్ చెమటలు గ్రక్కుచు వాయించెను. క్లాప్టన్ మాత్రము తన గిటారును అణచికొని పక్కకు ఒదిగి నిలిచెను. జనము హర్షధ్వానములు చేసినను, తాము బాగుగ వాయించలేదని క్లాప్టన్‌కు తెలియును. తగినంత వాయించకయే ఇంతటి చప్పట్లు దొరకుట అతనిని నొప్పించినది. కళాకారుని అంతరంగము నెరిగినవారికి ఈ నొప్పి అర్థమగును.

ఆ నెలలోనే స్కాండినేవియా దేశములలో చిన్న కచేరీలు కొన్ని చేసి, జూలై 12న న్యూయార్క్ నగరమున మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అమెరికా యాత్రను ఆరంభించిరి. ఇరువదివేల మంది పట్టు ఆ మందిరములో జనము కొత్తపాటల మధ్య క్రీమ్ పాటలకొఱకు కేకలు వేసిరి. తమ సొంతపాటలు కచేరి నిండుటకు చాలకపోవుటచేత క్రీమ్ పాటలను, ట్రాఫిక్ పాటలను వీరు పాడక తప్పినది గాదు. పాడినకొలది కేకలు హెచ్చినవి. కొన్నిచోట్ల జనము పోలీసులతో కలియబడుటయు జరిగినది.

బృందమునకు బాల్యమనునదొకటి యుండవలెనని నా నిశ్చితాభిప్రాయము. బీటిల్స్ హాంబర్గ్ నగరపు క్లబ్బులలో రాత్రులు తెల్లవార్లు వాయించి వాయించి ఒక్కటైరి; క్లాప్టన్‌ను మోహింపజేసిన ది బ్యాండ్ వారు రానీ హాకిన్స్ వెనుకను, బాబ్ డిలన్ వెనుకను ఏండ్లకొలది ఒదిగి వాయించిన పిమ్మటనే తమ పేరున రికార్డును తెచ్చిరి. తప్పులు చేయుటకును, పదిమంది యెదుట ఓడుటకును, ఒకరి ఊపిరి నొకరు గుర్తుపట్టుటకును పనికివచ్చు ఆ అజ్ఞాతవాసము ఈ నలువురికి దొరకలేదు. వారి ప్రతిభలో లోటు లేదు, స్నేహములోను గొప్ప కలహము లేదు. ఉన్న లోటంతయు కాలముదే. ప్రజల ప్రేమ కూడ కళాకారుని నలుపగలదని చెప్పుటకు నాకు కష్టముగా నున్నది, కాని ఈ యాత్ర అందుకు సాక్ష్యమిచ్చుచున్నది.

యాత్రలో వీరికి ముందుగా పాడుటకు కుదిరిన బృందములలో డెలానీ, బానీ అను దంపతులదొకటి. అమెరికా దక్షిణప్రాంతపు చర్చిపాటల వాసన గల సంగీతము వారిది. క్లాప్టన్ తన బృందముతో ప్రయాణించుట మాని వారి బస్సులో కూర్చుండి, దారిపొడవున వారితో పాడుకొనుచు, వారి కచేరీలలో వెనుక నిలిచి వాయించుచు, తాను కోరిన పక్కవాద్యపు స్థానమును అచట కనుగొనెను. నాయకుడు కానొల్లనివాడు తన బృందములోనే పరాయివాడైనపుడు ఆ బృందమును నడుపు బాధ్యత విన్‌వుడ్ పైబడినది. ఇరువదియొక్కేండ్ల వాని కది మోయరాని భారము. ఆగస్టు 24న హవాయీ దీవులలో జరిగిన కచేరియే ఆఖరుది.

వింత యేమనగా, వారి ఏకైక రికార్డు వెలువడినది ఆ ఆగస్టులోనే. జిమ్మీ మిల్లర్ పర్యవేక్షణమున లండన్‌లోని మోర్గన్, ఒలింపిక్ స్టూడియోలలో తయారైన ఆ రికార్డు అట్లాంటిక్ మహాసముద్రమున కిరువైపులను విక్రయములలో మొదటి స్థానము నందుకొనెను. బాబ్ సైడెమన్ అను ఛాయాచిత్రకారుడు దానికి కూర్చిన ముఖచిత్రమున ఒక చిన్న బాలికను అర్ధనగ్నముగా చూపుటచేత వివాదము చెలరేగి, అమెరికాలో బృందసభ్యుల ఫొటోతో వేరొక అట్టను అచ్చువేయవలసివచ్చినది; ఆ ఆక్షేపణ న్యాయమైనదనియే నేను భావింతును. బృందమునకు పేరు పెట్టినదియు ఆ చిత్రపు శీర్షికయే.

అట్టను ప్రక్కనబెట్టి సంగీతమును విందము. ఉన్నవి ఆరు పాటలు. అందొకటి బడ్డీ హాలీ పాటకు కొత్త రూపము. ‘హాడ్ టు క్రై టుడే’లో ఒకే గిటారు పలుకుబడి మరల మరల తిరిగివచ్చుచు పాటను నడిపించును. ‘ప్రెజెన్స్ ఆఫ్ ది లార్డ్’ క్లాప్టన్ తానొక్కడే సాహిత్యమును స్వరమును కూర్చిన తొలిపాటలలోనిది. సర్రేలో సొంత ఇల్లు దొరకిన కృతజ్ఞత అందు పలుకును. దానిని తాను పాడక విన్‌వుడ్ చేత పాడించి, నడుమ లయ ఇనుమడించిన ఘట్టమున మాత్రము గిటారుతో తన మనసును విప్పెను. ఇంతటి వినయము క్రీమ్ రికార్డులలో వెదకినను దొరకదు. బేకర్ కూర్చిన ‘డూ వాట్ యు లైక్’ పదునైదు నిమిషములకు పైబడి సాగును. ఐదు మాత్రల ఆవర్తనమగుటచేత ఖండచాపు నెరిగిన మన చెవికి దాని నడక ఇట్టే పట్టువడును, అందలి డ్రమ్స్ ఘట్టము తని ఆవర్తనము వలె వినబడును. నిడివి మాత్రము ఎక్కువయైనది. కాని ‘కాంట్ ఫైండ్ మై వే హోమ్’ అను మూడు నిమిషముల పాట యొద్ద విమర్శకుని నోరు మూతపడును. విద్యుత్తు లేని గిటారుల మీద విన్‌వుడ్ కంఠము నిరాధారముగా తేలుచుండగా, ఉగ్రవాదకుడని పేరుపడిన బేకర్ అంతటి మృదువుగా, పాట ఊపిరిని చెదరనీయక తాళమిచ్చుట వినినచో, ఈ నలువురికి ఇంకొక రెండేండ్ల ఏకాంతము లభించియున్న యెడల ఏమి పుట్టెడిదో ఊహించుకొని విచారింపని రసికుడుండడు.

తరువాతి చరిత్ర త్వరగా చెప్పవచ్చును. బేకర్ 1970 జనవరిలో ఎయిర్ ఫోర్స్ అను పెద్ద బృందమును కట్టగా విన్‌వుడ్, గ్రెచ్‌లు కొంతకాలమందు వాయించిరి. విన్‌వుడ్ తనకొఱకు మొదలిడిన రికార్డు ట్రాఫిక్ పునర్జన్మకు కారణమై ‘జాన్ బార్లీకార్న్ మస్ట్ డై’గా వెలువడెను. క్లాప్టన్ డెలానీ దంపతుల కళాకారులను ముగ్గురిని చేరదీసి డెరెక్ అండ్ ది డామినోస్ అను మారుపేరు వెనుక దాగెను. అతడు దాగినను రికార్డు కంపెనీవారు దాగనీయక, డెరెక్ అనగా ఎరిక్కేయని తెలుపు బిళ్ళలను పంచిపెట్టిరి.

గ్రెచ్‌ను గూర్చి ఎవ్వరును ఎక్కువగా వ్రాయరు. ‘సీ ఆఫ్ జాయ్’ పాట నడుమ అతని వయొలిన్ కొన్ని క్షణములు వినబడును. ఆ రికార్డులో కీర్తిభారము సోకని చోటు అదియొక్కటియే యని నాకు తోచును. ట్రాఫిక్‌లో కొన్నాళ్ళు పనిచేసిన అతడు 1990లో గతించెను. 2008 ఫిబ్రవరిలో క్లాప్టన్, విన్‌వుడ్‌లు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మూడు రాత్రులు కలిసి పాడినపుడు బేకర్ వారితో లేడు. 2019లో అతడును వెళ్ళిపోయెను. ఆ మూడు రాత్రుల నుండి ఏర్చికూర్చి 2009లో వెలువరించిన రికార్డులో బ్లైండ్ ఫెయిత్ పాటలు నాలుగున్నవి. అరువదవయేటికి చేరువైన విన్‌వుడ్ ‘కాంట్ ఫైండ్ మై వే హోమ్’ను పూర్వపు స్థాయిలోనే అందుకొనగా, క్లాప్టన్ తొందరలేక అతని ననుసరించుచు వాయించెను, ఈసారి ఆ పాటకొఱకే వచ్చిన జనము వినుచుండిరి.