పుస్తకం వేస్తామంటూ ప్యాకేజీలు.. సంతకం పెట్టే ముందు రచయితలు చూసుకోవాల్సినవి ఇవే!

నర్సంపేట: రాసుకున్నది పుస్తకంగా చూడాలంటే నర్సంపేట లాంటి ఊళ్లలో రచయితలకు మొన్నమొన్నటి దాకా వరంగలే దిక్కు. డీటీపీ ఒకచోట, ప్రింటింగ్ ఇంకోచోట, ప్రూఫుల కోసం మళ్లీ బస్సెక్కడం. ఇప్పుడు ఆ పనంతా ఫోన్‌లోనే అయిపోతోంది. 'ఫైల్ పంపండి చాలు.. కవర్ డిజైన్, ఐఎస్‌బీఎన్, అమెజాన్ అన్నీ మేమే చూసుకుంటాం' అంటూ పబ్లిషింగ్ సర్వీసు కంపెనీలు ప్యాకేజీలు ఇస్తున్నాయి. రిటైరైన టీచర్లకైనా, కొత్తగా కవిత్వం రాస్తున్న కుర్రాళ్లకైనా ఇది సులువైన దారే. కానీ పెట్టేది దాచుకున్న సొమ్ము.

ఎవరు ఎవరికి డబ్బిస్తారు?

మామూలు ప్రచురణకర్త తన ఖర్చుతో పుస్తకం వేసి, అమ్మకాలను బట్టి రచయితకు రాయల్టీ ఇస్తాడు. సర్వీసు కంపెనీలో లెక్క తిరగబడుతుంది. ఇక్కడ కస్టమర్ పాఠకుడు కాదు, రచయితే! పుస్తకం అమ్ముడుపోయినా పోకపోయినా కంపెనీకి ప్యాకేజీ డబ్బు ముందే వచ్చేస్తుంది. ఇది మోసమేమీ కాదు, బాగా చేసిపెట్టేవాళ్లూ ఉన్నారు. అమ్మిపెట్టే బాధ్యత కూడా కంపెనీదే అనుకుని డబ్బు కట్టినప్పుడే చిక్కు.

అమెరికాలో కోర్టుకెక్కిన రచయితలు

ఈ రంగంలో పెద్ద పేరు ఆథర్ సొల్యూషన్స్. పెంగ్విన్ మాతృసంస్థ పియర్సన్ దీన్ని 2012లో 11.6 కోట్ల డాలర్లకు కొన్నది. మరుసటి ఏడాదే 'పార్ట్రిడ్జ్' పేరుతో ఇండియాలోనూ అడుగుపెట్టింది. అదే 2013లో కొందరు రచయితలు న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో దావా వేశారు. పుస్తకంలో తప్పులు కంపెనీయే దొర్లించి, దిద్దడానికి మళ్లీ డబ్బు అడిగిందని, రాయల్టీ లెక్కలు సరిగ్గా చూపలేదని వాళ్ల ఆరోపణ. చివరికి 2015లో కేసు రాజీతో ముగిసింది. పెద్ద పేరు వెనక ఉన్నా గొడవలు తప్పలేదన్నమాట.

తెలుగు పుస్తకానికి ఇంకో తలనొప్పి

ఇక్కడ చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ అను ఫాంట్లలోనే టైప్ చేస్తాయి. అది యూనికోడ్ కాదు. ప్రింటుకు ఇబ్బంది లేదు గానీ, ఈ-బుక్ చేయాలంటే మార్చుకోవాలి, మార్చాక ఒత్తులు, గుణింతాలు మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ఆ ఖర్చు ప్యాకేజీలో ఉందా, లేదా? ముందే అడగాలి. 2016లో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలకు తలుపు తెరిచినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. కాబట్టి 'కిండిల్‌లో పెడతాం' అంటే ఎలా పెడతారో, ఫోన్‌లో అక్షరాలు ఎలా కనిపిస్తాయో శాంపిల్ చూపించమనాలి. పని పూర్తయ్యాక కవర్, లోపలి పేజీల ఒరిజినల్ ఫైళ్లు రచయిత చేతికి రావాలి. లేదంటే రెండో ముద్రణకు మళ్లీ మొదటి నుంచి ఖర్చే.

ఐఎస్‌బీఎన్‌కు డబ్బు అడిగితే?

మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్‌లోనే ఇస్తుంది. సొంతంగా పుస్తకం వేసుకునే రచయిత కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. కంపెనీ తన నంబర్ ఇస్తే రికార్డుల్లో ప్రచురణకర్త ఆ కంపెనీయే అవుతుంది.

హక్కుల సంగతి ఇంకా ముఖ్యం. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే ఉండాలి. ఎంత కాలమో రాయకపోతే 5 ఏళ్లుగా లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. కానీ 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని రాసి ఉంటే మాత్రం ఈ వెసులుబాటు ఉండదు. ఖర్చంతా రచయితే పెట్టుకునేచోట హక్కులు రాసివ్వాల్సిన అవసరమే లేదు.

అమెజాన్‌లో పేరు కనిపించడం వేరు, అమ్ముడుపోవడం వేరు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలను తానే మోసుకెళ్లి ఊరూరా అమ్మారు. ప్యాకేజీలో 'మార్కెటింగ్' అని ఉంటే అసలు ఏం చేస్తారో రాయించుకోవాలి.

డబ్బు కట్టాక పని జరగకపోతే?

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 2019 చట్టం ప్రకారం, కంపెనీ ఎక్కడున్నా రచయిత తాను ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు 2 ఏళ్లు. 'ఇది వ్యాపారం కోసం తీసుకున్న సేవ' అని కంపెనీ అడ్డం తిరిగే అవకాశం ఉంది. అందుకే ఒప్పందం, రసీదులతో పాటు వాట్సాప్‌లో ఇచ్చిన హామీలు కూడా డిలీట్ చేయకుండా దాచుకోవాలి.