జోడెడ్ల బండీ, షాహీన్ కంప్యూటరూ

సౌదీ అరేబియా అనగానే మనకు ఆయిల్ బావులు, కంపెనీ క్యాంపులు గుర్తొస్తాయి. ఇవాళ అక్కడిదే ఇంకో కథ చెప్పుకుందాం. అదొక సూపర్ కంప్యూటర్ కథ. దానికి అంకెలు ఎలా అందించాలన్న చిన్న విషయం ఎంత పెద్దదైందో చూద్దాం.

జెద్దాకు ఉత్తరాన, ఎర్రసముద్రం ఒడ్డున తువల్ అనే ఊరుంది. కింగ్ అబ్దుల్లా సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ, అంటే కౌస్ట్, 2009 సెప్టెంబరులో అక్కడ మొదలైంది. దాని అప్పటి సూపర్ కంప్యూటర్ పేరు షాహీన్, అంటే డేగ. ఐబీఎం వారి బ్లూజీన్/పి రకం. మొత్తం 65,536 ప్రాసెసర్ కోర్లు. 2009 జూన్ టాప్500 జాబితాలో 14వ స్థానం. గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 222 లక్షల కోట్ల లెక్కలు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఒక్కో కోరూ జోడెడ్ల బండి లాంటిది. రెండు దశాంశ సంఖ్యలను పక్కపక్కన పెట్టుకుని ఒకే ఆజ్ఞతో రెండిటినీ లెక్కగడుతుంది. ఒక ఎద్దునే కడితే ఆ 222లో సగం పోయినట్టే.

ఎద్దుల్ని కాడికి కట్టేది కంపైలర్. మనం రాసిన ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చేది అదే. ఇలా పక్కపక్కన పేర్చిన సంఖ్యల గుంపును వెక్టర్ అంటారు. ఈ జంట కోసం ఐబీఎం కంపైలర్ సీ భాషలోని సంకీర్ణ సంఖ్యల రకాన్ని అరువు తెచ్చుకుంది. వాస్తవ భాగం ఒక ఎద్దు, కల్పిత భాగం రెండో ఎద్దు. విడిగా ఉన్న రెండు సంఖ్యలను జతకట్టడానికి ప్రత్యేకంగా ఒక ఫంక్షన్ ఇచ్చింది. మెమరీలో ఆ రెండూ 16 బైట్ల హద్దు మీద మొదలైతే ఒకే ఆజ్ఞతో ఎక్కించవచ్చు. హద్దు మీద ఉన్నాయన్న నమ్మకం లేకపోతే కంపైలర్ ఒక్కొక్కటిగానే ఎక్కిస్తుంది.

వెక్టర్‌లో మొదటి విలువలు నింపడంలో తికమక ఇతర యంత్రాల మీదా ఉంది. మోటరోలా ఆల్టివెక్ పద్ధతిలో మామూలు బ్రాకెట్లలో 1 అని ఒక్కటే రాస్తే నాలుగు గదుల్లోనూ 1 పడుతుంది. జీసీసీ కంపైలర్‌లో ఫ్లవర్ బ్రాకెట్లలో రాస్తే మొదటి గదిలో 1, మిగతా మూడింట్లో సున్నా. రెండూ చెల్లుతాయి కనుక కంపైలర్ ఏమీ అనదు. జవాబు మాత్రం తప్పొస్తుంది.

షాహీన్ మీద అసలు చిక్కు ఇంకోటి. వేడి, గాలి, అలల లెక్కల్లో ప్రతి బిందువుకూ చుట్టుపక్కల బిందువులు కావాలి. మూడు దిక్కులా చూస్తే తనతో కలిపి 27. పక్క బిందువుకు ఒక్క అడుగు జరగగానే 16 బైట్ల హద్దు తప్పుతుంది, జంటలు మళ్ళీ కట్టుకోవాలి. కౌస్ట్‌కు చెందిన తారీఖ్ మాలాస్, ఆరన్ అహ్మాదియా, డేవిడ్ కీస్, ఇంకా ఐబీఎం, అమెరికా పరిశోధకులు కలిసి ఈ పనిని కంపైలర్‌కు వదిలెయ్యలేదు. యంత్రపు ఆజ్ఞలను తామే పేర్చే సాధనాన్ని పైథాన్‌లో రాశారు. జంటలో ఒక సంఖ్యను ఉంచి రెండోదాన్నే మార్చడం అందులో ఒక ఉపాయం. 27 బిందువుల లెక్కలో అంతకుముందు ప్రచురితమైన మేటి ఫలితం కన్నా 1.7 రెట్లు వేగం సాధించామని 2012లో ప్రకటించారు.

2015లో షాహీన్-2 వచ్చింది. టాప్500లో ఏడో స్థానం. దాని ఇంటెల్ ప్రాసెసర్లలో కాడికి రెండు కాదు, నాలుగు ఎద్దులు!

మీ ఇంట్లో ప్రోగ్రాములు రాసే పిల్లలుంటే ఒక్క మాట చెప్పండి. వెక్టర్‌లో ఎన్ని గదులుంటే అన్ని విలువలూ విడివిడిగా రాయమనండి. కంపైలర్ మన మనసులోది ఊహించదు.