గోడ మీది పెన్సిలు ముఖాలు



మన కృష్ణా తీరపు పాత ఇళ్ళల్లో వసారా గోడకి తాతగారి పటం ఉంటుంది. కోటూ తలపాగా, చేతికర్ర, కుర్చీలో దర్జా. పక్కన నాయనమ్మ పటం కూడా ఉంటే కాస్త దగ్గరికెళ్ళి చూడండి. చాలా ఇళ్ళల్లో అది ఫోటో కాదు, పెన్సిలుతో వేయించినది. ఆవిడకంటూ విడిగా తీయించిన ఫోటో లేదు మరి!

ఫోటో తీసే విద్య 1839లో పారిస్‌లో లోకానికి వెల్లడైంది. 1856 నాటికే మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ వెలిసింది. అయినా మన పల్లెటూరి ఆడవాళ్ళు కెమెరా ముందుకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయం, పరాయి మగాడి ఎదుట కదలకుండా కూర్చోవాలంటే సిగ్గు, ఆపైన ఖర్చు. (ఆ ఖర్చు తాతగారికి మాత్రం అడ్డు రాలేదు లెండి.) చివరికి ఏ మనవరాలి పెళ్ళిలోనో గ్రూపు ఫోటోలో వెనక వరసన నిలబడితే, ఆ పావు అంగుళం ముఖమే ఆవిడకి మిగిలిన ఆనవాలు. ఆవిడ పోయాక సంవత్సరీకం దగ్గరపడుతుంటే, ఆ ఫోటోని గుడ్డలో చుట్టుకుని బందరుకో గుడివాడకో వెళ్ళి పటం వేయించేవారు.

బందరులో బొమ్మలు నేర్పే బడి లేకపోలేదు. 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో బెంగాలు నుంచి వచ్చిన ప్రమోదకుమార చటర్జీగారు చిత్రలేఖనం నేర్పారు. అడివి బాపిరాజుగారు అక్కడ ప్రిన్సిపాలుగా పనిచేశారు. వారిది భావానికి పెద్దపీట వేసే పద్ధతి. మన ఇళ్ళకి కావలసిందేమో పోలిక! ఆ పని డ్రాయింగు మాస్టార్లూ, బోర్డులు రాసేవాళ్ళూ, స్టూడియోల్లో నెగటివులు దిద్దేవాళ్ళూ చేసిపెట్టారు.

పని తీరు చెబుతాను. గళ్ళు గీసిన పలచని కాగితాన్ని ఫోటో మీద పరుస్తారు. పెద్ద డ్రాయింగు కాగితం మీద అన్నే గళ్ళు, కాకపోతే పెద్దవి గీస్తారు. ఏ గడిలో ఏముందో అది ఈ గడిలోకి దింపుతారు. గీతకి హెచ్.బి. పెన్సిలు, నీడలకి 4బి, 6బి. కాగితం గట్టిగా చుట్టి, దాని మొనతో రుద్దితే బుగ్గల నునుపు వస్తుంది. గళ్ళ వల్ల కొలత కుదురుతుంది గానీ, పావు అంగుళం ముఖంలో కన్ను ఒట్టి చుక్క. మిగతాది ఇంటివాళ్ళు చెప్పాలి, ఆయన ఊహించాలి.

ఇంకో చిక్కు బొట్టు దగ్గర. ఆ కాలపు ప్లేట్లకి ఎరుపు రంగు ఆనేది కాదు, కుంకుమ కూడా నల్లగానే పడేది. దానికన్నా పెద్ద చిక్కు, ఫోటోలో ఆవిడ ముసుగు వేసుకున్న వితంతువైతే. కొందరు కొడుకులు జుట్టూ బొట్టూ పెట్టి వేయమనేవారు, కొందరు ఉన్నది ఉన్నట్టే చాలనేవారు. కొడుకులు అడిగి పెట్టించిన బొట్టుని నేను అబద్ధమనను. బతికుండగా తీసేయించిన లోకమే, పోయాక పెన్సిలుతో తిరిగి పెట్టింది.

ఇక దివిసీమ సంగతి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై, ఆ పాయలకీ సముద్రానికీ మధ్య నిలిచిన నేల అది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. మనుషులతోపాటు గోడల మీది పటాలూ పోయాయి. ఫోటో కాగితం మీద ఉండేది జిలటిన్ పూత. నీళ్ళలో నానితే ఉబ్బి ఊడిపోతుంది, లేదా అద్దానికి అతుక్కుపోతుంది.

మా అత్తగారి తరఫు బంధువుల్లో ఒకమ్మాయికి అప్పుడు రెండేళ్ళు. తల్లి ఉప్పెనలో పోయింది. ఇంట్లో ఒక్క ఫోటో దక్కలేదు. గుడివాడలో ఉన్న పెద్దమ్మ దగ్గర పెళ్ళి గ్రూపు ఫోటో ఒకటి దొరికింది గానీ, అందులో ఆ తల్లి పక్కవాళ్ళతో మాట్లాడుతూ ముఖం సగం తిప్పేసింది. రెండో సగం కోసం పెద్దమ్మ ఆర్టిస్టు ఎదురుగా మూడు పూటలు కూర్చుంది. “నా పెదవులే దానివీనూ, కళ్ళు మాత్రం ఇంకాస్త పెద్దవి” అని చెబుతుంటే ఆయన రబ్బరుతో చెరుపుతూ దిద్దుతూ పోయాడట.

ఆ అమ్మాయి ఇప్పుడు నడివయసు మనిషి. తల్లి ముఖమంటే ఆమెకి ఆ పటమే. ఇప్పుడు ఫోనులో ఫోటో పంపితే పెన్సిలు బొమ్మ వేసి పార్సిలు చేస్తున్నారు. కొత్తది వేయిద్దామని పిల్లలంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఆ మధ్య అద్దం మార్పిద్దామని పటం విప్పితే, కాగితానికీ వెనక చెక్కకీ మధ్య ఆ పెళ్ళి ఫోటో కనిపించింది. పెద్దమ్మే పెట్టించిందట. దాని వెనక వరసల వారీగా అందరి పేర్లూ రాసి ఉన్నాయి.