కూలిన చెట్ల సాక్ష్యం: తాడ్వాయి గాలి చెప్పే చరిత్ర

2024 ఆగస్టు 31, శనివారం సాయంత్రం. ములుగు జిల్లాలో తాడ్వాయి నుంచి మేడారం వెళ్లే అడవి మీద ఒక భయంకరమైన గాలి విరుచుకుపడింది. సమ్మక్క సారలమ్మ జాతర జరిగి అప్పటికి ఆరు నెలలే అయింది. గాలి పోయాక చూస్తే సుమారు 200 హెక్టార్లలో, అంటే దాదాపు 500 ఎకరాల్లో చెట్లు నేలకొరిగి ఉన్నాయి. కొన్ని వేళ్లతో సహా పెకిలిపోయాయి, కొన్ని నడిమికి విరిగిపోయాయి. 50,000కు పైగా చెట్లు పోయాయని మొదట లెక్క చెప్పారు. తర్వాత వచ్చిన లెక్కలు ఇంకా పెరిగాయి. ఆ గాలి గూడేల మీదికి మళ్లకపోవడం మన అదృష్టం.

అదే రాత్రి బంగాళాఖాతంలోని వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. విజయవాడ, ఖమ్మం వరద నీటిలో మునిగాయి. పేపర్లూ టీవీలూ అన్నీ అటే చూశాయి. అడవి కూలిన సంగతి కొన్ని రోజుల తర్వాత గానీ బయటి లోకానికి పెద్దగా తెలియలేదు. తెలిశాక ఒకరు టోర్నడో అన్నారు, ఒకరు సుడిగాలి అన్నారు, ఇంకొకరు కుంభవృష్టి అన్నారు. అటవీ శాఖ వాతావరణ శాఖనూ, ఉపగ్రహ చిత్రాలు తీసే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రాన్నీ వివరాలు అడిగింది.

ఒక గాలికి ఇన్ని పేర్లు ఎందుకు వచ్చాయి? అసలు ఇలాంటి గాలుల సంగతి చరిత్రలోకి ఎలా ఎక్కుతుంది? ఈ రెండు ప్రశ్నలూ మనకు అవసరమైనవే.

ముందు పేర్ల సంగతి చూద్దాం. ఎండాకాలం చేలల్లో దుమ్మునూ ఎండుటాకులనూ లేపే గాలినీ మనం సుడిగాలే అంటాం. అది వేడెక్కిన నేల నుంచి పైకి లేస్తుంది, ఆకాశంలో మబ్బు ఉండనక్కర లేదు. టోర్నడో అలా కాదు. అది పెద్ద ఉరుముల మబ్బు అడుగు నుంచి నేల దాకా గిర్రున తిరిగే గాలి స్తంభం. అది నడిచిన దారి సాధారణంగా సన్నగా, పొడవుగా ఉంటుంది. మూడోది డౌన్‌బరస్ట్. మబ్బులోని బరువైన చల్లగాలి ఒక్కసారిగా కిందికి కూలి, నేలను తాకి, చుట్టూ పరుచుకుంటుంది. బిందెడు నీళ్లు బండ మీద కుమ్మరిస్తే నలువైపులా ఎలా చిమ్ముతాయో అలాగన్నమాట. నష్టం చూస్తే రెండూ ఒకలాగే కనిపిస్తాయి. పుట్టుక మాత్రం వేరు.

మన దేశంలో టోర్నడో గురించి రాసిన పాత నివేదికల్లో ఒకటి 1838 నాటిది. ఆ ఏడాది ఏప్రిల్ 8న కలకత్తా దగ్గరి ఊళ్ల మీదుగా ఒక సుడి నడిచింది. 200 మందికి పైగా చనిపోయారు. ఒక వెదురు బొంగు ఇటుక గోడలోకి దూసుకుపోయిందని రాశారు. దాన్ని ఏమని పిలవాలో అప్పుడూ తేలలేదు. తుఫాను అనాలా, సుడిగాలి అనాలా అని తటపటాయించారు. పదేళ్ల తర్వాత, 1848లో, అదే కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ పెద్ద సముద్రపు తుఫానులకు ‘సైక్లోన్’ అనే పేరు పెట్టాడు. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. ఆ కాలంలో కబురు త్వరగా చేరాలంటే తంతి ఆఫీసు ఉండాలి, రైలు స్టేషన్ ఉండాలి, రాసే గుమస్తా ఉండాలి. అవేవీ లేని అడవిలో గాలి వచ్చినా కాగితం మీదికి ఎక్కే దారి లేదు. చరిత్రలో లేని గాలులన్నీ రాని గాలులు కావు. రాయని గాలులు కూడా అందులో ఉంటాయి.

అమెరికా అనుభవం ఇంకొక పాఠం చెబుతుంది. 1880ల్లో అక్కడి సైన్యంలో వాతావరణ విభాగంలో పనిచేసిన జాన్ ఫిన్లీ టోర్నడోల వివరాలు పోగుచేశాడు. అందుకు ఊళ్లలో ఉండే మామూలు మనుషులనే నమ్ముకున్నాడు. 2,000 మందికి పైగా అతనికి కబుర్లు రాసి పంపేవారు. గాలి ఏ వేళకు వచ్చింది, ఎటు నుంచి ఎటు పోయింది, మబ్బు ఎలా ఉంది, వస్తువులు ఎటు పడ్డాయి అని వాళ్లు రాసేవారు. అయితే జనం బెదిరిపోతారన్న భయంతో పైఅధికారులు వాతావరణ సూచనల్లో ‘టోర్నడో’ అనే మాటనే వాడనివ్వలేదు. ఆ నిషేధం దశాబ్దాల పాటు నడిచింది. మాటను ఆపితే గాలి ఆగలేదు, హెచ్చరిక మాత్రమే ఆగిపోయింది.

కూలిన చెట్లను చదవడం నేర్పిన మనిషి జపాన్‌లో పుట్టిన టెట్సుయా ఫుజితా. 1945లో అణుబాంబు పడిన నాగసాకిలో చెట్లు ఎటు ఒరిగాయో ఆయన చూశాడు. బాంబు పేలిన చోటు నుంచి అవి నలువైపులా బయటికి పడి ఉన్నాయి. తర్వాత ఆయన అమెరికా వెళ్లాడు. 1974 ఏప్రిల్‌లో అక్కడ వరుసగా టోర్నడోలు వచ్చాక, విమానంలో తిరుగుతూ వెస్ట్ వర్జీనియా అడవిలో మళ్లీ అదే ఆకారం చూశాడు. చెట్లు సుడి తిరిగినట్టు కాక, ఒక చోటు నుంచి బయటికి విసిరినట్టు పడి ఉన్నాయి. అది పైనుంచి కూలిన గాలి పనే అని ఆయన అన్నాడు. చాలామంది నమ్మలేదు. 1975 జూన్ 24న న్యూయార్క్‌లో దిగబోతున్న విమానం కూలి 100 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రమాదానికి కారణం కూడా అలాంటి గాలే అని ఫుజితా చూపించాక లోకం ఒప్పుకుంది.

కాబట్టి చెట్టే సాక్షి. ఒక సన్నని దారి వెంట చెట్లు రెండు పక్కల నుంచి లోపలికి, ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడితే టోర్నడో అని అనుమానించాలి. విసనకర్ర విప్పినట్టు బయటికి పడితే, లేదా వెడల్పాటి జాగాలో అన్నీ ఒకే దిక్కుకు ఒరిగితే డౌన్‌బరస్ట్ అనుకోవాలి.

రాడార్ ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. హైదరాబాద్ నుంచి తాడ్వాయి దాదాపు 200 కిలోమీటర్ల దూరం. భూమి గుండ్రం కనుక, రాడార్ కిరణం ఇంత దూరం వచ్చేసరికి నేలకు సుమారు 4 కిలోమీటర్ల పైన ఉంటుంది. మబ్బు నడుమును చూస్తుంది కానీ చెట్ల కొమ్మల దగ్గర తిరిగే గాలిని చూడలేదు. ఉపగ్రహం పడిన అడవిని చూపిస్తుంది, పడే క్షణాన్ని చూపించదు. ఆ లోటును తీర్చగలిగింది అక్కడ బతికే మనుషులే.

రాసిపెట్టిన సాక్ష్యం లేని చోట పుకారు పుడుతుంది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. అడవి కూలినప్పుడే భూమి హెచ్చరించిందన్న మాట వెంటనే బయలుదేరింది. గాలి మబ్బులో పుడుతుంది, భూకంపం నేల లోతుల్లో రాళ్లు జారితే వస్తుంది. ఒకదానితో ఒకటి కలిపేందుకు ఆధారం లేదు.

మన పెద్దలు గాలులను మరిచిపోలేదు. ఫలానా జాతర ఏడు గాలికి ఫలానా గూడెం ఇళ్ల కప్పులు లేచిపోయాయని చెబుతారు. జాతర రెండేళ్లకు ఒకసారి వస్తుంది కనుక ఆ గుర్తుతో ఏడాదిని పట్టుకోవచ్చు. ఉపాధ్యాయులు బడిలో ఒక గాలివాన పుస్తకం పెట్టి, పిల్లల చేత ఈ మాటలు రాయించాలి. చెప్పినవారి మాటను మార్చకుండా, వాళ్ల భాషలోనే రాయించాలి.

కొత్తగా గాలి వస్తే ముందు ప్రాణం కాపాడుకోవాలి. గాలి పూర్తిగా తగ్గాక, పెద్దవాళ్ల తోడుతో వెళ్లి చూడాలి. ఏ వేళకు వచ్చింది, ఎంతసేపు ఉంది, వడగళ్లు పడ్డాయా, చప్పుడు ఎలా ఉంది అని అడిగి రాయాలి. కూలిన ఒక్కొక్క చెట్టు తల ఏ దిక్కుకు ఉందో ఫోన్‌లోని దిక్సూచితో చూసి గీసుకోవాలి. చెట్లను తొలగించక ముందే ఫొటోలు తీయాలి. ఏయే చెట్లు పడ్డాయో మన పేర్లతో రాయాలి. సర్కారు లెక్కలో హెక్టారు ఉంటుంది. మన లెక్కలో ఇప్పచెట్టు ఉంటుంది, దాని కింద పూలు ఏరుకునే ఇల్లు ఉంటుంది. ఆ నష్టం మనం రాస్తేనే లెక్కకు వస్తుంది.

ఫిన్లీకి కబురు పంపినవాళ్లు శాస్త్రవేత్తలు కారు. చూసింది చూసినట్టు రాశారు, అంతే. అడవిలో గాలిని మొదట చూసేది మనం. దాన్ని మొదట రాసేదీ మనమే కావాలి.