జేసన్ క్షేత్రనామాల్లో అక్షరభేదం
సమాచారాన్ని పేరు, విలువ జంటలుగా రాసే జేసన్ పాఠాన్ని ప్రోగ్రాములోని ఆబ్జెక్టుగా మార్చేటప్పుడు, క్షేత్రనామాల్లోని పెద్ద, చిన్న ఆంగ్లాక్షరాలు సరిపోలకపోవడం వల్ల తలెత్తే సమస్య ఇది. జేసన్‌కు మూలమైన జావాస్క్రిప్టులో పేరును చిన్నక్షరంతో, సీ షార్ప్ ప్రాపర్టీల్లో పెద్దక్షరంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. 2019లో, సీ షార్ప్ ప్రోగ్రాములు నడిచే డాట్‌నెట్ కోర్ 3.0తో వచ్చిన సిస్టమ్.టెక్స్ట్.జేసన్ లైబ్రరీ డిఫాల్టుగా ఈ తేడాను పాటిస్తుంది కనుక, చిన్న ‘ఎన్’తో వచ్చిన ‘నేమ్’ విలువ పెద్ద ‘ఎన్’తో ఉన్న ప్రాపర్టీకి చేరదు, సాధారణంగా ఎర్రర్ కూడా రాకపోవడంతో లోపం వెంటనే బయటపడదు.

దీనికి ‘ప్రాపర్టీనేమ్‌కేస్‌ఇన్‌సెన్సిటివ్’ ఐచ్ఛికాన్ని ట్రూ చేయడం, నామకరణ విధానంగా, పేరు చిన్నక్షరంతో మొదలయ్యే క్యామెల్‌కేస్‌ను ఎంచుకోవడం, ‘జేసన్‌ప్రాపర్టీనేమ్’ ఆట్రిబ్యూటుతో అసలు పేరును ప్రాపర్టీపైనే రాయడం అనే మూడు మార్గాలున్నాయి. వీటిలో మొదటిది పట్టించుకోకుండా వదిలేసేది పెద్ద, చిన్న అక్షరాల తేడాను మాత్రమే. అండర్‌స్కోరుతో విడదీసిన పేర్లను అది కలపలేదు కాబట్టి, అక్కడ ఆట్రిబ్యూటు గానీ తగిన నామకరణ విధానం గానీ అవసరమవుతుంది.